నౌరు కథలో చెప్పకుండా వదిలేసిన 70 ఏళ్లు

(శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి, రండి.

నౌరు గురించి మాట్లాడమన్నారు. ఈ మధ్య ఫోన్లలో ఈ దేశం మీద వీడియోలు తెగ తిరుగుతున్నాయి. "ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ధనిక దేశం, సోమరితనం వల్ల నాశనమైంది" అనే రకం. చూసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. సరే. ఆ కథ ఎలా నడుస్తుంది? డబ్బొచ్చింది, పని మానేశారు, కార్లు కొన్నారు, విమానాలు కొన్నారు, తిన్నారు, పడుకున్నారు, అప్పులపాలయ్యారు. అంతే కదా? అందులో చెప్పినవి చాలావరకు జరిగాయి. జరగలేదని నేను అనను. కానీ ఆ కథను 1970లో మొదలుపెడతారు. నౌరులో తవ్వకం మొదలైంది 1907 ప్రాంతంలో, ఆ రాయి విలువ బయటివాళ్లకు తెలిసింది 1900లో. మరి ఆ 70 ఏళ్లు ఎక్కడికి పోయాయి? ఎవరు తవ్వారు? ఎవరు తిన్నారు? ఆ 70 ఏళ్లు వదిలేసి కథ చెబితే తప్పంతా నౌరు ప్రజలదే అవుతుంది. అందుకే ఇవాళ నేను ఆ కాలం మీదే ఎక్కువసేపు ఉంటాను. మీకు తెలిసిన భాగం తర్వాత త్వరగా చెప్పేస్తాను.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూడండి. పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన, ఒంటరి దీవి. విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. మళ్లీ చెబుతున్నాను, 21. దీవి చుట్టూ తిరిగే రోడ్డు 20 కిలోమీటర్లు కూడా ఉండదు. జనాభా ఇవాళ్టికీ 12 వేలకు అటూ ఇటూగానే ఉంటుంది. ఒడ్డు వెంబడి సన్నని పట్టీలా మంచి నేల ఉంటుంది, జనమంతా అక్కడే ఉంటారు. కొబ్బరి చెట్లు, మన మొగలి జాతి చెట్లు. లోపల బువాడా అనే చిన్న మడుగు, అందులో పూర్వం నుంచీ చేపలు పెంచుకునేవాళ్లు. మధ్యలో ఎత్తైన పీఠభూమి. దాన్ని అక్కడివాళ్లు టాప్‌సైడ్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది. వాళ్లవి 12 తెగలు. జెండా మీద ఉండే తెల్లని నక్షత్రానికి 12 మొనలు ఉండటం అందుకే.

1888లో జర్మనీ ఈ దీవిని తనదిగా ప్రకటించుకుంది. అప్పటికి దీని మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు, కొబ్బరి వ్యాపారం తప్ప. తర్వాత ఏమైందంటే, సిడ్నీలో ఒక కంపెనీ ఆఫీసులో తలుపు మూసుకుపోకుండా అడ్డంగా ఒక రాయి పెట్టుకున్నారు. నౌరు నుంచి ఎవరో తెచ్చిన రాయి. రాయిగా మారిన చెక్క అనుకున్నారు. ఆ ఆఫీసులో పనిచేసే ఆల్బర్ట్ ఎల్లిస్‌కు అనుమానం వచ్చి పరీక్ష చేయించాడు. అది మేలు రకం ఫాస్ఫేట్.

ఫాస్ఫేట్ అంటే ఇక్కడ రైతులకు నేను చెప్పాలా? మీరు వేసే సూపర్, మీరు వేసే డీఏపీ, వాటిలో భాస్వరం వచ్చేది ఇలాంటి రాయి నుంచే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నేలల్లో భాస్వరం బాగా తక్కువ. గోధుమ పండాలన్నా, గొర్రెలకు గడ్డి పెరగాలన్నా సూపర్ ఫాస్ఫేట్ పడాల్సిందే. ఆ రెండు దేశాల వ్యవసాయానికి ఈ చిన్న దీవి ప్రాణాధారం అయిపోయింది. జర్మన్లతో ఒప్పందం చేసుకుని బ్రిటిష్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. నేల యజమానులను అడిగారా? లేదు. వాళ్లకు ఎంత ఇచ్చారు? టన్నుకు అర పెన్నీ. అర పెన్నీ!

మొదటి ప్రపంచ యుద్ధం రాగానే 1914లో ఆస్ట్రేలియా సైన్యం దీవిని పట్టుకుంది. యుద్ధం అయ్యాక నానాజాతి సమితి దీన్ని మాండేట్ కింద బ్రిటిష్ సామ్రాజ్యానికి అప్పగించింది. మాండేట్ అంటే ఏమిటి? ఈ ప్రజలు ఇంకా తమను తాము పాలించుకునే స్థితికి రాలేదు, వాళ్ల మేలు కోసం మీరు చూసుకోండి అని. కాగితం మీద మాట అది. సమితి మాండేట్ ఇవ్వకముందే, 1919లోనే, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తమలో తాము ఒప్పందం రాసుకున్నాయి. కంపెనీని కొనేసి బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్లు అనే సంస్థ పెట్టాయి. వాటాలు ఎలాగంటే బ్రిటన్‌కు 42 శాతం, ఆస్ట్రేలియాకు 42, న్యూజిలాండ్‌కు 16. కలిపి చూడండి. వంద. నౌరుకు ఎంత మిగిలింది?

ఇంకో షరతు ఉంది. నా లెక్కలో వాటాల కంటే ఇదే పెద్దది. ఫాస్ఫేట్‌ను ఈ మూడు దేశాలకు ఖర్చు ధరకే అమ్మాలి, లాభం వేసుకోకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది కదా, లాభం లేకుండా అమ్ముతున్నారు! కానీ ఒక్క క్షణం ఆలోచించండి. అంతర్జాతీయ మార్కెట్లో ఆ సరుకుకు ఎక్కువ ధర ఉంది. ఆ తేడా ఎవరి జేబులోకి పోయింది? ఆస్ట్రేలియా రైతుకు ఎరువు చవగ్గా దొరికింది. న్యూజిలాండ్ రైతుకు చవగ్గా దొరికింది. ఆ రైతుల మీద నాకు కోపం లేదు, ఎరువు బస్తా చవగ్గా వస్తే ఏ రైతు వద్దంటాడు? కానీ ఆ సబ్సిడీ ఇచ్చింది వాళ్ల ప్రభుత్వాలు కాదు. నౌరు ప్రజలు. వాళ్లను అడగకుండా, దాదాపు 50 ఏళ్లపాటు ఇప్పించుకున్న సబ్సిడీ అది. ఆ వీడియోల్లో ఈ మాట విన్నారా? నేనైతే వినలేదు.

ఇప్పుడు మనుషుల గురించి చెప్పాలి. 1920లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి జనాభాలో చాలామందిని తీసుకుపోయింది. ఒక జాతిగా నిలబడాలంటే కనీసం 1,500 మంది ఉండాలని అప్పుడు ఒక లెక్క పెట్టుకున్నారు. అంతమందిమి ఎప్పుడవుతాం అని ఎదురుచూశారు. 1932 అక్టోబర్ 26న 1,500వ బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. దీవంతా పండుగ చేసుకుంది. ఆ రోజును ఆంగమ్ దినం అంటారు, ఇవాళ్టికీ అది వాళ్లకు జాతీయ పండుగ. మన దేశంలో జనాభా అనగానే ఎక్కువైపోయింది అని మాట్లాడుకోవడం అలవాటు. ఒక బిడ్డ పుడితే, అమ్మయ్య, మేం ఇక అంతరించిపోం అని ఒక జాతి మొత్తం ఊపిరి పీల్చుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి.

ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1940 డిసెంబర్‌లో జర్మన్ ఓడలు వచ్చి దీవి దగ్గర ఫాస్ఫేట్ నౌకలను ముంచాయి, లోడింగ్ నిర్మాణాలను పేల్చాయి. 1942 ఆగస్టులో జపాన్ సైన్యం దిగింది. లెప్రసీ ఉన్న 39 మందిని పడవలో ఎక్కించి, సముద్రంలోకి లాక్కుపోయి, ముంచి చంపేశారు. 1943లో 1,200 మంది నౌరు ప్రజలను, పసిఫిక్‌లోనే జపాన్ చేతిలో ఉన్న ట్రక్ అనే దీవులకు తరలించారు. సుమారు 1,800 మంది ఉన్న జాతిలో 1,200 మందిని! అక్కడ విమానాశ్రయాల పనిలో పెట్టారు. తిండి లేదు, పైనుంచి అమెరికన్ బాంబులు. యుద్ధం ముగిశాక 1946 జనవరి 31న ఓడ వాళ్లను నౌరులో దించింది. ఎంతమందిని? 737 మందిని. ఆంగమ్ రోజున పుట్టిన ఆ అమ్మాయి కూడా తిరిగి రాలేదు, ట్రక్‌లోనే చనిపోయింది. మళ్లీ 1,500 కావడానికి 1949 దాకా పట్టింది.

ఇలా తిరిగొచ్చినవాళ్లకు ఎదురైనదేమిటి? మళ్లీ అదే కమిషన్, అదే తవ్వకం. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి ట్రస్టీషిప్, అంటే సంరక్షణ అన్నారు. పేరు మారింది, పాలన ఆస్ట్రేలియాదే. యుద్ధం తర్వాత తవ్వకం ఇంకా పెరిగింది.

అసలు ఈ తవ్వకం ఎలా ఉంటుందో చెప్పాలి. అక్కడ ఫాస్ఫేట్ పగడపు సున్నపురాతి స్తంభాల మధ్య సందుల్లో ఉంటుంది. చెట్లు కొట్టేస్తారు, పైమట్టి తీసేస్తారు, సందుల్లోంచి ఫాస్ఫేట్ తోడేస్తారు. మిగిలేవి స్తంభాలు. బూడిదరంగులో, మొనదేలి, మనిషికి రెండింతలు, మూడింతలు ఎత్తున. వాటి మధ్య నడవలేం, ఇల్లు కట్టలేం, విత్తనం వేయలేం. మొత్తం మీద దీవిలో దాదాపు 80 శాతం నేల ఇలా తయారైంది.

తవ్వేవాళ్లకు ఇది తెలియదా? బాగా తెలుసు. అందుకే 1960ల మొదట్లో ఆస్ట్రేలియా ఒక ప్రతిపాదన పెట్టింది. ఫాస్ఫేట్ అయిపోయాక ఇక్కడ బతకలేరు కాబట్టి మీరందరూ వచ్చేయండి, క్వీన్స్‌లాండ్ తీరంలో కర్టిస్ దీవి ఇస్తాం అంది. అంటే ఒక దేశాన్ని మొత్తం తవ్వి వాడేసుకుని, అందులో మనుషులను ఇంకో చోటికి మార్చాలన్నది అధికారిక ఆలోచన. నౌరు నాయకుడు హ్యామర్ డిరోబర్ట్. చాలా పట్టుదల గల మనిషి. సరే వస్తాం, కానీ మా పాలన మాకుండాలి, మేం నౌరు ప్రజలుగానే ఉంటాం అన్నాడు. ఆస్ట్రేలియా కుదరదంది. మా పౌరులుగా కలిసిపోండి అంది. 1964లో నౌరు ప్రజలు ఆ ప్రతిపాదనను తిరస్కరించారు.

ఆ తిరస్కారం తర్వాత దారి ఒకటే, స్వాతంత్ర్యం. 1968 జనవరి 31న వచ్చింది. జనవరి 31 ఎందుకు? ట్రక్ నుంచి 737 మంది ఇల్లు చేరిన రోజు కాబట్టి. కావాలని ఆ తేదీ పెట్టుకున్నారు. డిరోబర్ట్ తొలి అధ్యక్షుడయ్యాడు. 18 మంది సభ్యుల పార్లమెంటు. ప్రపంచంలోనే అతి చిన్న రిపబ్లిక్. గనులు మాత్రం ఊరికే రాలేదు. యంత్రాలు, రైలు పట్టాలు, లోడింగ్ క్రేన్ల కోసం కమిషన్‌కు 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించి 1970 నాటికి సొంతం చేసుకున్నారు. అప్పటికి తవ్వాల్సిన నేలలో మూడో వంతు అయిపోయింది.

ఇక్కడి నుంచి మీకు తెలిసిన కథ. నేను దాచేదేమీ లేదు. మిగిలిన రెండు వంతులు తవ్వింది నౌరు ప్రభుత్వమే. 1970ల మధ్యలో ఫాస్ఫేట్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి. తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే అగ్రశ్రేణి దేశమైంది. పన్నుల్లేవు. వైద్యం, చదువు ఉచితం. గనుల్లో పనికి కిరిబాటి, తువాలు, హాంకాంగ్‌ల నుంచి మనుషులొచ్చారు. సొంత విమాన సంస్థ పెట్టుకున్నారు, చాలా విమానాలు ఖాళీ సీట్లతో తిరిగాయి. 1977లో మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు.

మన దేశంతోనూ ఒక సంబంధం ఉందండీ, చాలామందికి తెలియదు. పారాదీప్ ఫాస్ఫేట్స్ పేరు విన్నారు కదా, ఒడిశాలో ఎరువుల ఫ్యాక్టరీ? 1981లో దాన్ని భారత ప్రభుత్వం, నౌరు ప్రభుత్వం కలిసి పెట్టాయి. ఉమ్మడి సంస్థ! 1993లో నౌరు వాటాను మన ప్రభుత్వం కొనేసింది. ఎందుకు చెబుతున్నానంటే, వచ్చిన డబ్బంతా తినడానికే తగలేశారన్న మాట తప్పు. గని అయిపోయాక ఎలా అని వాళ్లు ఆలోచించారు. ఫాస్ఫేట్ రాయల్టీల ట్రస్ట్ పెట్టి ముందు తరాల కోసం దాచారు. ఆ నిధి 1990ల మొదట్లో వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. అప్పటికి పది వేల మంది ఉన్న దేశానికి అది చిన్న మొత్తమా?

మరి పొదుపు చేసినవాళ్లు ఎలా మునిగారు? నా సమాధానం ఒక్కటే. లెక్కలు. లెక్కలు బయట పెట్టలేదు. ఉమ్మడి కుటుంబంలో పెద్దాయన ఇనప్పెట్టె తాళం తన దగ్గరే పెట్టుకుని, లోపల ఎంతుందో ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది? అదే అయింది. ట్రస్ట్ ఖాతాలు ప్రజలకు కనిపించలేదు. అడిగే పత్రికలు లేవు, గట్టి ప్రతిపక్ష పార్టీలు లేవు. విదేశీ సలహాదారులు వరసకట్టారు. లండన్‌లో ఒక సంగీత నాటకానికి పెట్టుబడి పెట్టించారు, అది కొద్ది వారాల్లో మూతపడింది. నకిలీ బ్యాంకు పత్రాలు అంటగట్టి మోసం చేశారు. ఆస్తులు తాకట్టుపెట్టి అప్పులు, ఆ అప్పులకు వడ్డీలు, వాటికి మళ్లీ అప్పులు. 2004లో నౌరు హౌస్ పోయింది. 2005 డిసెంబర్‌లో మిగిలిన ఒకే ఒక్క విమానాన్నీ అప్పిచ్చినవాళ్లు పట్టుకుపోయారు. సొంత బ్యాంకులో దాచుకున్న డబ్బు జనానికి ఏళ్ల తరబడి తిరిగి రాలేదు.

దీన్ని సోమరితనం అంటారా? తిండి దిగుమతి అయింది, డయాబెటిస్ విపరీతంగా పెరిగింది, నిజమే. పంట వేసుకునే నేలే లేనప్పుడు డబ్బా ఆహారం కాక ఏం తింటారు? ఒక పంచాయతీ అంత జనాభా నుంచి మంత్రులు, ఆడిటర్లు, పైలట్లు, జడ్జీలు, ఫండ్ మేనేజర్లు, అందరూ రావాలి. 1968కి ముందు పాలించినవాళ్లు ఎంతమందికి ఆ చదువు చెప్పించారు? చెప్పండి. మనుషులను తరలించేద్దాం అనుకున్నవాళ్లు వాళ్లకు అకౌంటెన్సీ నేర్పుతారా?

ఈ మధ్యలో నౌరు ఒక గొప్ప పని చేసింది. 1986లో ఒక విచారణ సంఘం వేసింది. దానికి అధ్యక్షుడు శ్రీలంక న్యాయ కోవిదుడు సి. జి. వీరమంత్రి. తర్వాత అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జి అయ్యారు. స్వాతంత్ర్యానికి ముందు తవ్విన నేలను బాగుచేసే బాధ్యత పాలించిన దేశాలదే అని ఆ సంఘం తేల్చింది. 1989లో నౌరు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఎవరి మీద? ఆస్ట్రేలియా మీద! ఈ కేసు మీరు వినకూడదు అంది ఆస్ట్రేలియా. 1992లో కోర్టు, వింటాం అంది. దాంతో రాజీకి వచ్చారు. 1993 ఆగస్టులో 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు ఒప్పందం కుదిరింది. దాంట్లో బ్రిటన్, న్యూజిలాండ్ చెరి 1.2 కోట్లు పెట్టాయి. ట్రస్టీగా ఉన్న దేశం, తన కింద ఉన్న ప్రజల నేలకు ఏం చేసిందో కోర్టులో జవాబు చెప్పుకోవాల్సి రావడం చిన్న విషయం కాదు. లా చదువుతున్న పిల్లలు ఎవరైనా ఉంటే ఆ 1992 తీర్పు తప్పకుండా చదవండి.

డబ్బయిపోయాక దేశం దగ్గర ఏం మిగిలింది? తన జెండా, తన చట్టం, ఐక్యరాజ్యసమితిలో తన ఓటు. వాటినే ఆదాయంగా మార్చుకోవాల్సి వచ్చింది. 1990ల్లో బ్యాంకు లైసెన్సులు అమ్మారు. సుమారు 400 బ్యాంకులు ఒకే చిరునామాతో ఉండేవి, నల్లధనం దారి అయిపోయింది. అమెరికా ఆంక్షలు పెట్టేదాకా వెళ్లింది. దౌత్య గుర్తింపునూ ఇలాగే చైనా, తైవాన్‌ల మధ్య మారుస్తూ వచ్చారు, 2002లో చైనాకు, 2005లో తైవాన్‌కు, 2024లో మళ్లీ చైనాకు. 2001లో ఆస్ట్రేలియా తన దగ్గరికి పడవల్లో వస్తున్న శరణార్థులను నౌరులో ఉంచడం మొదలుపెట్టింది. ఆ శిబిరాలు 2008లో మూతపడి 2012లో మళ్లీ తెరుచుకున్నాయి. అక్కడ పిల్లలు, పెద్దలు పడిన మానసిక వేదన మీద డాక్టర్లు గట్టిగా మాట్లాడారు. విదేశీ జర్నలిస్టుల వీసా ఫీజును 2014లో 200 డాలర్ల నుంచి 8,000కు పెంచారు. ఇది నౌరు ప్రభుత్వం చేసిన తప్పే, నేను సమర్థించను. లెక్క దాచిన అలవాటే మళ్లీ మనుషులను దాచేదాకా వచ్చింది. అయితే డబ్బిచ్చి దాచమన్నది ఎవరు? ఆ ఏర్పాటు ఇంకా నడుస్తూనే ఉంది. తన దేశంలో ఉంచుకోనని ఆస్ట్రేలియా అనుకున్న కొంతమందిని తీసుకోవడానికి 2025లో మరో ఒప్పందం జరిగింది. 30 ఏళ్లకు 250 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా అంటున్నారు.

మంచి మాటా ఒకటి ఉంది. చేపలు. నేల 21 చదరపు కిలోమీటర్లే గానీ, నౌరు సముద్ర పరిధి 3 లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అంత లేవు. పూర్వం విదేశీ ట్యూనా ఓడలు నామమాత్రం ఫీజు కట్టి పట్టుకుపోయేవి. 1982లో పసిఫిక్ దీవుల దేశాలు నౌరు ఒప్పందం పేరుతో ఒక్కటయ్యాయి. తర్వాత ఓడ ఎన్ని రోజులు వేట చేస్తే అన్ని రోజులకు డబ్బు కట్టాలనే పద్ధతి పెట్టాయి. ఆదాయం ఎన్నో రెట్లు పెరిగింది. 2015లో కొత్త ట్రస్ట్ నిధి మొదలుపెట్టారు. ఈసారి నిధి నిర్వహణలో సాయమిచ్చే దేశాల ప్రతినిధులు కూడా కూర్చుంటున్నారు, ఇష్టం వచ్చినట్టు తీయడానికి వీల్లేకుండా. 2021లో నౌరు సముద్రగర్భ ఖనిజాల తవ్వకానికి ఒక విదేశీ కంపెనీకి పూచీగా నిలబడి, నిబంధనలు రెండేళ్లలో తేల్చమని సముద్రగర్భ వ్యవహారాలు చూసే అంతర్జాతీయ సంస్థకు నోటీసిచ్చింది. నాకు ఇది భయం కలిగిస్తోంది. మళ్లీ తవ్వకం, మళ్లీ బయటి కంపెనీ. లాభంలో వాటా ఎంత, నష్టం వస్తే పూచీ ఎవరిది? ఈ రెండు ప్రశ్నలూ 1907లో అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు అడగగలరు, అడగాలి.

ఇక టాప్‌సైడ్. సముద్రమట్టం పెరుగుతోంది, ఒడ్డు కోసుకుపోతోంది. జనమంతా ఉన్నది ఒడ్డునే కదా? ఎక్కడికి వెళ్లాలి? పైకి. ఆ స్తంభాల పీఠభూమి మీదికి. దాన్ని చదును చేసి, ఇళ్లు, పొలాలు, నీళ్లు ఏర్పాటు చేసి జనాభాలో అత్యధిక భాగాన్ని అక్కడికి తరలించాలని ప్రభుత్వం ప్రణాళిక వేసింది. దానికి డబ్బు కావాలి. అందుకోసం 2025లో పౌరసత్వం అమ్మకానికి పెట్టింది, 1,05,000 అమెరికా డాలర్ల నుంచి. నిజానికి ఆ నేలను తవ్విన మూడు దేశాలకూ ఈ ఖర్చులో వాటా ఉండాలని నా అభిప్రాయం. 1993లో ఇచ్చింది తవ్విన గుంటల లెక్క. అప్పుడు సముద్రం పెరిగే లెక్క ఎవరూ వేయలేదు.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇంకో అరగంట టైముంది, ప్రశ్నలు తీసుకుంటాను. అటు కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది. అడుగమ్మా.